వంటలక్క చేతులు కెమెరాకు ఎందుకు కనిపించవు?

ప్రశ్న: కృష్ణలంక

అందరికీ నమస్కారం. నేను జర్నలిజంలో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మన టీవీ సీరియళ్లు కలిగినవాళ్లను, లేనివాళ్లను కెమెరాతోనూ శబ్దంతోనూ కట్టుబట్టలతోనూ ఎలా వేరుచేసి చూపిస్తాయన్న విషయం మీద ప్రాజెక్టు రాస్తున్నాను. పుస్తకాల్లో దొరికింది కొంత చదివాను. కానీ నాకు పట్టుకున్న సందేహం పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, మా ఇంట్లోంచి వచ్చింది.

మా అమ్మ విజయవాడలో ఇరవై రెండేళ్లుగా ఇళ్లలో వంట చేస్తోంది. పొద్దున మూడిళ్లు, సాయంత్రం ఒక ఇల్లు. స్టార్ మాలో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి వరకు నడిచిన ‘కార్తీకదీపం’ అంటే ఆమెకు ప్రాణం. భర్త అనుమానించగా ఇల్లు వదిలి వచ్చిన దీప వంట చేసి బతకడం, ఊరంతా ఆమెను వంటలక్క అని పిలవడం, కవలల్లో ఒక పాప పెద్దింట్లోనూ మరో పాప తల్లి దగ్గర లేమిలోనూ పెరగడం అన్న కథ అమ్మకు తన కథలాగే అనిపించేది. సాయంత్రం ఇంటి పని ముగించుకొని, బస్సు తప్పిపోతే నడిచి మరీ వచ్చి చూసేది. అంత ఇష్టంగా చూసిన మనిషే ఒక రోజు, “దీప ఏడుపు నాకు అర్థమవుతుంది గానీ దీప పని నాకు కనపడదేమే” అంది. అప్పుడు నేను ఆ మాటను పట్టించుకోలేదు.

ఈమధ్య ఇద్దరం కలిసి వేరే సీరియల్ చూస్తున్నాం. విశాలమైన హాల్లో సోఫా మీద అత్తగారు కూర్చుని ఉంది, కెమెరా ఆమె ముఖం మీదే ఉంది. పక్కనుంచి ఒక ట్రే వచ్చింది, దాని మీద కాఫీ కప్పు ఉంది, ట్రేను పట్టుకున్న రెండు చేతులు ఉన్నాయి. అత్తగారు కప్పు తీసుకుంది, చేతులు వెనక్కి వెళ్లిపోయాయి. ఆ చేతులు ఎవరివో మాకు చూపించలేదు. అమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండానే, “చేతులొచ్చాయి, మనిషి రాలేదు” అంది.

పేదింటి మనిషిని కథానాయికగా పెట్టుకున్న సీరియల్‌లో కూడా ఆమె పని కనిపించకపోవడం కేవలం డబ్బుకూ తీరికకూ సంబంధించిన విషయమా, లేక అందులో ఒక చూసే పద్ధతి ఉందా? సీరియళ్లలో పనిచేసినవారు, పాత సీరియళ్లు బాగా తెలిసినవారు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: ఎడిటింగ్ బల్ల

అమ్మా, మీ అమ్మగారు అన్న మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను పదకొండేళ్లుగా డైలీ సీరియళ్లకు ఎడిటింగ్ చేస్తున్నాను. అటువంటి ట్రే షాట్లు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్కలేదు.

ముందు పని తీరు చెబుతాను, ఎందుకంటే అది తెలియకపోతే మిగిలినదంతా ఊహగానమవుతుంది. అరగంట సీరియల్‌లో ప్రకటనలు తీసేస్తే ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా కథ ఉంటుంది. యూనిట్ దాదాపు రోజుకో ఎపిసోడ్ చొప్పున తీస్తూ పోవాలి. అందుచేత పెద్దింటి హాలుకు పొద్దున ఒకసారి లైటింగ్ చేసుకుంటే సాయంత్రం వరకు అదే ఉంటుంది. సోఫా, మెట్లు, పూజగది గుమ్మం, డైనింగ్ టేబుల్ అన్నీ ఆ వెలుగులోనే వచ్చేస్తాయి కాబట్టి కథ ఆ హాల్లోనే తిరుగుతుంది. వంటగది ఇరుకు, అక్కడ లైట్లు మార్చాలి, కెమెరా నిలబెట్టే చోటు వెతకాలి. పొయ్యి మీద మరుగుతున్న పులుసునో, కూర కలిపే చేతినో విడిగా తీయాలంటే, మేము ఇన్సర్ట్ అంటాం, దానికి ఇంకో పావుగంట పోతుంది. ఆ పావుగంటలో ఒక పేజీ డైలాగు తీయవచ్చు. ఇది మీరన్న డబ్బూ తీరికా సంగతి.

అయితే చూసే పద్ధతి కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. పెద్దింటిని పరిచయం చేసేటప్పుడు జిమ్మీజిబ్ (కెమెరాను పైకీ కిందికీ తిప్పే పొడవైన చెయ్యి) మీద కెమెరా గేటు దగ్గర మొదలై, పోర్టికో మీదుగా లేచి, హాల్లోకి వచ్చాక షాండ్లియర్ పక్కనుంచి దిగుతుంది. ఇంటి యజమానురాలు మెట్లు దిగుతుంటే కింది మెట్టు దగ్గర కెమెరా పెట్టి పైకి చూస్తాం, కాబట్టి చూసేవాళ్లు కూడా తలెత్తి చూసినట్టే ఉంటుంది. పేదింటికి వచ్చేసరికి మూడు గోడల సెట్టు, ఒక నవారు మంచం, ఒక స్టవ్వు. అక్కడ జిబ్ తిరగదు. మనిషి నేల మీద కూర్చుని ఉంటుంది, కెమెరామన్ నిలుచుని ఉంటాడు, ట్రైపాడ్ అతని ఎత్తుకే ఉంటుంది, దించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. దాంతో పేదమనిషిని ఎప్పుడూ పైనుంచి కిందికి చూస్తున్నట్టే షాట్ వస్తుంది. కావాలని కించపరిచినవాళ్లు ఎవరూ ఉండరు. కానీ రోజూ అలా చూసేవాళ్ల కన్ను దానికే అలవాటు పడుతుంది.

ఇక నా బల్ల దగ్గర జరిగే సంగతి. ఒక మాట పేలగానే వరసగా రియాక్షన్లు, అంటే ఆ మాట విన్నవాళ్ల ముఖాలు, వేస్తాం కదా, దానికి ఎక్కడా రాసిపెట్టని క్రమం ఒకటి ఉంది. మొదట అత్తగారు, తరవాత కొడుకు, తరవాత కోడలు, తరవాత ఆడపడుచు. వంటమనిషి ఆ గదిలోనే నిలుచుని ఉన్నా ఆమె రియాక్షన్ వేయం. ఒకవేళ వేశామంటే, ఆమె ఈ విషయాన్ని మోసుకెళ్లి ఎవరికో చెప్పబోతోందని అర్థం. అంటే ఆమె ముఖం కథకు పనికొచ్చే రోజునే తెర మీదికి వస్తుంది. ఆమెకు బాధ కలిగిందనో నవ్వు వచ్చిందనో చూపించడానికి రాదు. కలిగినవాళ్లకు మనసు ఉంటుందనీ, పనివాళ్లకు చెవులు మాత్రమే ఉంటాయనీ చెప్పినట్టే కదా ఇది.

ఒక సంగతి చెప్పి ఆపుతాను. కొన్నేళ్ల కిందట ఒక సీరియల్‌లో నాయిక కల్యాణమండపం వెనక వంటవాళ్లతో కలిసి ఉల్లిపాయలు తరిగే దృశ్యం వచ్చింది. కొత్తగా చేరిన కెమెరా అసిస్టెంటు నేల దగ్గర కెమెరా పెట్టి, కత్తిపీట మీద కాలు అదిమిపెట్టి తరుగుతున్న ఒక పెద్దావిడను చక్కగా తీశాడు. ఆమె డైలాగు లేని మనిషి, నిజంగా వంటకు వచ్చిన ఆవిడే. ఆ షాట్ ఎనిమిది సెకన్లు ఉంది. కథ నడవడం లేదని నేనే దాన్ని తీసేశాను. అదే ఎపిసోడ్‌లో అత్తగారు గుమ్మం దగ్గర ఆగి చూసే చూపును మూడుసార్లు తిప్పి వేశాను, అక్కడా కథేమీ నడవలేదు.

జవాబు: నేత సంచి

ఎడిటింగ్ బల్ల గారు కెమెరా సంగతి వివరంగా చెప్పారు కాబట్టి నేను బట్టల దగ్గరే ఉంటాను. కాస్ట్యూమ్స్ విభాగంలో అసిస్టెంటుగా ఆరేళ్లు పనిచేసి బయటికి వచ్చాను, ఇప్పుడు సొంతంగా చీరల వ్యాపారం చేసుకుంటున్నాను.

సీరియల్‌లో పేదింటి పిల్ల కూడా మడత నలగని చీర కట్టుకుంటుందని అందరూ అంటారు. దాని వెనక ఉన్న కారణాలు ప్రేక్షకులకు తెలియవు. తెలుగు సీరియళ్లలో చాలామంది నటీమణులు తమ చీరలు, నగలు తామే తెచ్చుకుంటారు. నెలకు పదిహేను ఇరవై రోజులు షూటింగ్ ఉండే నటికి అదొక పెద్ద ఖర్చు. సొంత డబ్బు పెట్టి కొన్న చీరను టీ డికాక్షన్‌లో ముంచి వెలిసినట్టు చేయండమ్మా, అంచును గరుకు కాగితంతో రుద్దండమ్మా అని ఆమెకు ఎలా చెప్పగలం? ఆ చీరను రేపు ఏ పండగ ప్రోగ్రామ్‌కో కట్టుకోవాలి. మరో చిక్కు కంటిన్యుటీ. కథలో ఒక సాయంత్రం జరిగే గొడవ టీవీలో వారం పాటు నడుస్తుంది, అన్నాళ్లూ అదే చీర కనిపించాలి. దాంతో ఛానెల్ వాళ్లు, వారం రోజులు వెలిసిన చీరను ఎవరు చూస్తారు, రంగున్నది కట్టించండి అంటారు.

కెమెరా కూడా కొంత చెడగొడుతుంది. బాగా సన్నని గళ్లు, సన్నని చారలు ఉన్న బట్ట టీవీ తెర మీద మిణుకుమిణుకుమంటూ అలల్లా కదులుతుంది. తెల్ల బట్ట వెలుగుకు మండిపోతుంది. అందుకే ఆ రెంటినీ దూరంగా పెడతాం. పనికి వెళ్లే ఆడవాళ్లు రోజూ కట్టే చిన్న గళ్ల నూలుచీర ఈ లెక్కతోనే తెర మీదికి రాకుండా పోయింది. నైటీ మీద తువ్వాలు వేసుకొని వీధి కుళాయి దగ్గర నిలబడే మనిషి కూడా, మర్యాదగా ఉండదంటూ, రాకుండా పోయింది.

కృష్ణలంక గారూ, మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది, పనికి వెళ్లే చాలామంది ఆడవాళ్ల ఒంటి మీద ఉండేది చవక చీర కాదు. పని చేసే ఇంటి అమ్మగారు రెండేళ్లు కట్టి ఇచ్చిన మంచి చీరే ఉంటుంది. చీర ఖరీదైనదే, జాకెట్టు మాత్రం దానిది కాదు. అమ్మగారి కొలతలకు కుట్టిన జాకెట్టు ఈమెకు పట్టదు కాబట్టి ఇంట్లో ఉన్న ఏ ఎర్రదో నల్లదో వేసుకుంటుంది, భుజం దగ్గర పిన్నీసు పెట్టుకుంటుంది. ఫాల్ ఊడిన చోట చేత్తో వేసిన కుట్లు కనిపిస్తాయి. ఆ చీరా ఆ జాకెట్టూ ఒకదానికొకటి నప్పకపోవడంలోనే ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య ఉన్న సంబంధం మొత్తం కనిపిస్తుంది, ఒక్క డైలాగు అవసరం లేదు. నేను పనిచేసిన ఒక సీరియల్‌లో పనమ్మాయి పాత్రకు అలా కట్టించాను. షాట్‌కు ముందు మేనేజరు వచ్చి, జాకెట్టు మ్యాచింగ్ లేదేంటి, కంటిన్యుటీ తప్పు అనుకుంటారని మార్పించాడు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

పేదరికానికి సీరియల్ పెట్టుకున్న గుర్తులు వేరు. మెడలో బంగారు గొలుసు బదులు పసుపుతాడు, చేతులకు మట్టిగాజులు, జడ వదులుగా. ఇవి అబద్ధాలేమీ కావు. గొలుసు తాకట్టులో ఉంటే మెడలో పసుపుతాడే ఉంటుంది. కానీ ఇవన్నీ లేనిదాన్ని చూపే గుర్తులు, చేసే పనిని చూపేవి కావు. కొంగు నడుముకు దోపి ఉందా, కుచ్చిళ్లు పాదాల మీదికి కాకుండా చీలమండల పైకి కట్టిందా, మణికట్టు దగ్గర గాజులు పైకి తోసుకుందా అన్నవి పని గుర్తులు. పని చేసేవాళ్ల కట్టు పెద్దింటివాళ్ల కట్టుకన్నా జానెడు ఎత్తున ఉంటుంది. సీరియల్‌లో ఇద్దరి కుచ్చిళ్లూ నేలను ఊడుస్తుంటాయి.

‘కార్తీకదీపం’లో దీప అత్తగారు సౌందర్య చీరలు, జాకెట్లు ఎంత పేరు తెచ్చుకున్నాయో మీకు తెలుసు, మా దుకాణానికి వచ్చేవాళ్లు ఆ పేరు చెప్పి అడిగేవారు. దీప చీర పేరు చెప్పి అడిగినవాళ్లు నాకు కనపడలేదు. ఆమె కోసం అంతగా ఏడ్చిన ఆడవాళ్లు ఆమెలా కనిపించాలని మాత్రం కోరుకోలేదు. దీనికి నేను వాళ్లను తప్పుపట్టను.

జవాబు: వెలివాడ నుంచి వలస

డబ్బింగ్ గదిలో ఎక్కువ కాలం గడిపిన మనిషిగా శబ్దం గురించి రాస్తున్నాను. చీర మ్యాచింగ్ లేకపోతే మేనేజరుకు కనిపించింది. శబ్దం తప్పితే ఎవరికీ కనిపించదు, అందుకే దాని గురించి ఎక్కువ చెప్పాలి.

మన సీరియళ్లలో నాయికలు, అత్తగార్లు చాలామంది కర్ణాటక నుంచో కేరళ నుంచో వచ్చినవారు. దీపగా నటించిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. ‘కార్తీకదీపం’కు మూలమైన మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’లో కూడా మొదట ఆమే నాయిక. మంచి నటి. కానీ ఇలాంటి పాత్రల గొంతు మా గదిలో పుడుతుంది. పాత్ర ఏ ఊరిది, ఎంత చదువుకుంది, ఎవరింట్లో పెరిగింది అన్న వివరాలు మా చేతికి రావు. పెదవుల కదలికకు సరిపోయే డైలాగు కాగితం వస్తుంది. అప్పుడు మేము మాకు అలవాటైన అచ్చుల్లో పోస్తాం. పెద్దింటి అత్తగారికి నెమ్మదైన, కిందిస్థాయి గొంతు. ఆమె తొందరపడదు, ఎందుకంటే ఆమె మాట పూర్తయ్యే వరకు ఎవరూ అడ్డు రారు. పనమ్మాయికి పైస్థాయి గొంతు, వేగం. వాచ్‌మన్‌కు యాస.

ఈ యాస సంగతి నన్ను చాలా కాలంగా బాధిస్తోంది. హైదరాబాదులో జరిగే కథలో, హైదరాబాదులోనే తీసిన సీరియల్‌లో, బంగళా లోపలి వాళ్లందరూ కృష్ణా, గుంటూరు జిల్లాల చదువుకున్నవాళ్ల తెలుగు మాట్లాడతారు. గేటు దగ్గర వాచ్‌మన్, వీధిలో ఆటో డ్రైవరు తెలంగాణ తెలుగు మాట్లాడతారు. కాకపోతే వంటమనిషిది శ్రీకాకుళం యాస. సొంత ఊళ్లో సొంత భాష మాట్లాడే వ్యాపారవేత్తకో డాక్టరుకో ఆ హాల్లో సోఫా దొరకదు. మా నాన్నది ఆ యాస వినిపించే పాలకొండ వైపు. ఆయన భాష వినబడగానే నవ్వు రావాలని నేనే మైకు ముందు నిలబడి ఎన్నిసార్లు సాగదీశానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పిలుపులు వినండి. దీప తన భర్తను ‘డాక్టర్ బాబు’ అంటుంది. మొదట్లో అది ప్రేమగా వినిపించినా, భార్య నోట భర్త హోదా వినిపించే ఆ పిలుపులో ఇద్దరి మధ్య ఉన్న మెట్లు కూడా వినిపిస్తాయి. ఆమెకు వచ్చిన పేరు వంటలక్క. అక్క అన్నది గౌరవమే, కానీ పేరును తుడిచేసి ఆ చోట పనిని పెట్టి, దాని మీద ఒక వరస అద్దిన గౌరవం. ఈ రెండు పిలుపులూ తెలుగు రాష్ట్రాల్లో ఇంటింటికీ చేరడం ఊరికే జరగలేదనుకుంటాను. సీరియల్‌లో వర్గం గురించి నిజంగా నిజం చెప్పిన శబ్దాలు ఇవే.

చెప్పని శబ్దాలు చాలా ఉన్నాయి. బస్తీలో గది అంటే గోడ అవతల మరో గది. పక్కింటి మిక్సీ, ఎదురింటి టీవీ, నీళ్లొచ్చే వేళకు బిందెల చప్పుడు, రికార్డు చేసిన గొంతుతో తిరిగే కూరగాయల బండి, ఎవరిదో దగ్గు. పేదరికంలో చెవికి తలుపు ఉండదు. పెద్దింట్లో మందపాటి కర్టెన్లు, గోడకు గోడకు మధ్య దూరం, ఏసీ సన్నని హోరు. నిశ్శబ్దాన్ని డబ్బు పెట్టి కొనుక్కున్న ఇల్లు అది. మన సీరియల్‌లో ఇది తలకిందులవుతుంది. డబ్బింగ్ చేసినప్పుడు బయటి చప్పుళ్లన్నీ పోతాయి, వాటిని తిరిగి కలిపే తీరిక ఉండదు. దాంతో బస్తీ గది గుళ్లో గర్భగుడిలా నిశ్శబ్దంగా ఉంటుంది, వెనక ఒక వేణువు వినిపిస్తుంది. పెద్దింటి హాలు మాత్రం ఆర్‌ఆర్ (రీ-రికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) డప్పులతో, ఉరుములతో, హైహీల్స్ టకటకలతో దద్దరిల్లుతుంది. వేణువు పెట్టగానే ఆ మనిషి మంచిది, జాలిపడాల్సినది అని తేలిపోతుంది. ఆమె అలసిపోయింది అన్నది తేలదు. అలసట వినబడాలంటే నిండు గిన్నె గట్టు మీద దించిన చప్పుడు కావాలి, ఆ తరవాత ఒక ఊపిరి కావాలి.

జవాబు: సప్తగిరి కాలం

ఈ చర్చ చదివి రాయకుండా ఉండలేకపోయాను. నేను రిటైరయ్యాక ఇంగ్లండులో కూతురి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ ఐటీవీలో 2010 నుంచి 2015 వరకు వచ్చిన ‘డౌన్‌టన్ ఆబీ’ని మా అల్లుడు మొదటి నుంచీ వరసగా చూపించాడు. జమీందారీ కుటుంబం పైన, నౌకర్లు కింద. కృష్ణలంక గారి ప్రశ్నకు ఇది సరిగ్గా పనికొస్తుంది.

కథ 1912 ఏప్రిల్‌లో, టైటానిక్ మునిగిన వార్త తంతిలో రావడంతో మొదలవుతుంది. అయితే ఆ వార్త దొరగారికి చేరే లోపల మనం ఇల్లంతా చూసేస్తాం, అదీ పనివాళ్ల వెంట. తెల్లారకముందే డైసీ అనే వంటింటి పిల్ల లేచి గదుల్లో నిప్పు రాజేస్తుంది. కిటికీ తలుపులు తెరుస్తారు, కుర్చీలు సర్దుతారు. దొరగారి చేతికి సిరా అంటకూడదని వార్తాపత్రికను ఇస్త్రీ చేస్తారు. పై అంతస్తు దృశ్యాలు హాంప్‌షైర్‌లోని హైక్లియర్ కోటలో తీశారు, కింది వంటగది లండన్‌లో ఈలింగ్ స్టూడియోలో వేసిన సెట్టు. పైన కెమెరా నిలకడగా, తీరికగా కదులుతుంది. కింద భుజం మీద పెట్టుకున్న కెమెరా పనివాళ్లతో పాటే ఇరుకు దారుల్లో తిరుగుతుంది. కింద గోడ మీద గదికొకటి చొప్పున గంటలు వరసగా ఉంటాయి. పైన ఎవరో తాడు లాగితే కింద గంట మోగుతుంది, భోజనం మధ్యలో ఒకరు లేచి వెళతారు. పైవాళ్లకు ఆ మోత వినబడదు. శబ్దం గురించి పైన రాసినవారు ఈ గంటల సంగతి గమనిస్తే సంతోషిస్తారు.

కానీ దాన్ని నెత్తిన పెట్టుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. పని అంత బాగా చూపించి, చివరికి యజమానులు ఎంత మంచివాళ్లో కదా అనిపిస్తుంది. కింది మనిషి కష్టాన్ని పైమనిషి దయ సర్దేస్తూ ఉంటుంది. ఆ లోపం మన సీరియళ్లకూ దానికీ ఒకటే.

డబ్బు లేకపోవడం వల్లనే మనవాళ్లు పని చూపించలేరన్న వాదనకు నాకు ‘నుక్కడ్’ జవాబుగా కనిపిస్తుంది. 1986లో దూరదర్శన్‌లో వచ్చింది. హిందీదే అయినా ఉన్నది ఒక్క ఛానెల్ కాబట్టి మన ఊళ్లలో కూడా అందరం చూశాం. ఒక వీధి మూల, ఎలక్ట్రీషియన్ గురు, సైకిల్ రిపేరు చేసే హరి, హోటల్ నడిపే ఖాదర్‌భాయ్. ఆ రోజుల్లో ఏపాటి ఖర్చు పెట్టగలిగారు! అయినా ఆ మనుషులు మాట్లాడుకునేది పనిచేసే చోటే. పనిముట్లు పక్కనే ఉంటాయి, మాట్లాడుతూనే పని చేసుకుంటారు. దానికి ప్రత్యేకంగా ఇన్సర్ట్ అక్కర్లేదు, ఆ చేతులు ఆ మనిషివేనని షాట్‌లోనే తెలుస్తుంది.

ఒక్క అనుమానం మాత్రం ఉంది, పెద్దవాడిగా చెబుతున్నాను, ఏమీ అనుకోకండి తల్లీ. రోజంతా నాలుగిళ్లలో గిన్నెలు దించిన మనిషి రాత్రి ఇంటికొచ్చి మళ్లీ తెర మీద గిన్నెలు దించడమే చూడాలనుకుంటుందా? పట్టుచీరలు, షాండ్లియర్లు ఆమెకు కాసేపు విశ్రాంతి కావచ్చు. దాన్ని మనం చదువుకున్నవాళ్లం తప్పని తీసేయకూడదు.

జవాబు: కృష్ణలంక

పెద్దలందరికీ కృతజ్ఞతలు. ఎడిటింగ్ బల్ల గారూ, ఆ ఎనిమిది సెకన్ల సంగతి నా ప్రాజెక్టులో మీ వివరాలేవీ బయటపెట్టకుండా రాసుకోవచ్చా? దయచేసి అనుమతి ఇవ్వండి.

సప్తగిరి కాలం గారి అనుమానం నాది కూడా. నేను సమాధానం ఊహించకుండా అమ్మనే అడిగాను. జవాబులన్నీ చదివి వినిపించాను. జాకెట్టు సంగతి దగ్గర తన భుజం మీది పిన్నీసు తడిమి చూసుకుంది. యాస సంగతి దగ్గర, మా మూడో ఇంటి అమ్మగారు నా మాట విని అలాగే నవ్వుతారు అంది. నీళ్ల బిందెల చప్పుడు దగ్గర ఏమీ అనలేదు, ఎందుకంటే అప్పుడే బయట నీళ్లొచ్చాయి, లేచి వెళ్లిపోయింది.

వచ్చాక, నీకు టీవీలో మళ్లీ వంటపని చూడాలని ఉంటుందా అని అడిగాను. కాసేపు ఆలోచించి ఇలా అంది:

“పట్టుచీరే కట్టుకోనీ, నాకేం? చూడ్డానికి బాగానే ఉంటుంది. పెద్దిల్లే చూపించనీ. కానీ నిన్న ఒకావిడ పొయ్యి మీద మూకుడు వట్టి చేతులతో దించింది చూశావా? మసిగుడ్డ లేదు. అడుగున మంట కూడా లేదు. దాన్ని దించుతూ ముఖం అటు తిప్పి ఏడుస్తోంది. మంట మీది మూకుడు దించేటప్పుడు ముఖం ఎవరు తిప్పుతారే? ఏడుపు వస్తే మూకుడు కింద పెట్టి ఏడుస్తాం. అది తెలిసినవాళ్లు ఒక్కరు కూడా అక్కడ లేరా?”

నేత సంచి గారిని, ఎడిటింగ్ బల్ల గారిని ఇదే అడగాలనుకుంటున్నాను. సెట్టులో అంతమందికి కాఫీలు, టిఫిన్లు పెట్టే ప్రొడక్షన్ వంటవాళ్లు రోజూ అక్కడే ఉంటారు కదా. వంటగది దృశ్యం తీసేటప్పుడు వాళ్లలో ఎవరినైనా పిలిచి, ఇది ఇలాగే పట్టుకుంటారా అని ఎప్పుడైనా అడిగారా?

జవాబు: ఎడిటింగ్ బల్ల

తప్పకుండా రాసుకోండమ్మా. మీరు అడిగిన దానికి, లేదు. నాకు తెలిసి ఈ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. మా యూనిట్‌లో వంట చేసే ఆయన అవే సెట్ల వెనక, మూడో గోడకు అవతల, నా కన్నా ఎక్కువ కాలంగా పొయ్యి వెలిగిస్తున్నారు.